అతుకు లేని రీలు

మొన్న ఆదివారం మా కోడలు ఫోన్‌లో ఏదో పాత ఫ్రెంచి మూకీ హాస్యచిత్రం పెట్టి, గడ్డం శాస్త్రవేత్త మీట నొక్కగానే మనుషులు గాల్లో తేలిపోతుంటే పడీ పడీ నవ్వింది గానీ, నాకు మాత్రం తార్నాక రోజులు గుర్తొచ్చి మనసంతా చేదైపోయింది.

తొంభైల మొదట్లో నేను ఆ పక్కనే యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ ఫిలిం క్లబ్బు కార్యదర్శిగా వెలగబెట్టేవాణ్ణి. మేమంతా అన్న అని పిలిచే ప్రొజెక్టర్ ఆపరేటరు లాలాపేట్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు; రోజుకూలీ పని, ఆ ఏడాదైనా పర్మనెంటు చేస్తారని ఆయన ఆశ. సినిమా హాళ్ల దగ్గర తెగిన ఫిలిం ముక్కలు ఏరి అగ్గిపెట్టెల్లో దాచుకోవడం చిన్నప్పుడు మనందరం చేసిందే, అన్నకి మాత్రం పెద్దయ్యాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. నాకేమో అనుమానం పుట్టుకతోనే వచ్చింది. మెస్సులో పప్పు పలచబడితే కందిపప్పు ఎవరింటికి చేరిందా అని ఆలోచించే రకాన్ని.

ఒక సాయంత్రం అలాంటి ఫ్రెంచి బొమ్మే వేశాం. అందులో శాస్త్రవేత్త తన యంత్రంతో, గొడవకొచ్చిన పొరుగాయన్ని ఉన్నపళంగా మాయం చేస్తాడు. హాలంతా గొల్లున నవ్వింది, నేను మాత్రం సరిగ్గా ఆ క్షణాన బల్లమీది పూలకుండీ టక్కున పక్కకి జరగడం పట్టేశాను. మధ్యలో ముక్క కత్తిరించేశారన్నమాట. ఇంకెవరు?

అడిగితే అన్న ప్రొజెక్టరు తుడుస్తూనే, “నేను ముట్టలే తమ్మీ, గా బొమ్మే గట్లున్నది,” అన్నాడు. తలెత్తకుండా చెప్పాడని నా అనుమానం ఇంకా ముదిరింది. మర్నాడే క్లబ్బు బాధ్యత చూసే మాస్టారికి, అన్న ఫిలిం ముక్క కత్తిరించుకున్నాడని కాగితం రాసిచ్చేశాను.

మూడోరోజు రీలు తిప్పి పంపే ముందు దాన్ని వెలుతురుకి పెట్టి, వేళ్లతో తడిమి తడిమి చూశాను. కత్తిరిస్తే అతకాలి కదా, ఎక్కడా అతుకే లేదు. ఆ కాలం వాళ్లు కెమెరా ఆపి, మనిషిని పక్కకి పంపి, మళ్లీ తిప్పి చేసిన గారడీ అది. ఆ సందులో ఎవరి చెయ్యో తగిలి కుండీ జరిగినట్టుంది. అన్న చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికే ఆయన్ని పనిలోకి రావద్దన్నారు. మాస్టారి దగ్గరికెళ్లి తప్పు నాదంటే కార్యదర్శి పరువేం కావాలని నోరు మూసుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇప్పుడు బొమ్మ ఆగితే నెట్‌ని తిట్టుకుంటాం, దానితో ఎవరి ఉద్యోగమూ పోదు. మన రోజుల్లో అనుమానించడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, వెళ్లి చేతులు పట్టుకుని క్షమించమని అడగడానికీ ఆ మనిషే ఉండేవాడు. తార్నాక నుంచి లాలాపేట్ ఎంత దూరమని, చదువు ముగిసేదాకా రోజూ రేపు వెళ్దామనే అనుకున్నాను.