ఫోటోలో కాళ్ళు

మా అత్తయ్యగారు కిందటి మంగళవారం పొద్దున కన్నుమూశారు. కాఫీ కలుపుకుని, అది తాగకుండానే సోఫాలో ఒరిగిపోయారట. ఆ కబురు నాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు, అదీ గుడి వాట్సాప్ గ్రూపులో. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతుంటే, ఎవరి గురించా అని పైకి జరుపుకుంటూ వెళ్ళాను. ఆవిడ పేరు కనబడింది.

నిజం చెప్పాలంటే ముందు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చుని, డ్రైవ్ చేయలేక అలాగే ఉండిపోయాను. ఏడుపు సాయంత్రం ఇంట్లో ఆవిడ పెట్టిన మాగాయ సీసా చూశాక వచ్చింది.

ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉండే మీలో చాలామంది ఆవిడని చూసే ఉంటారు. పండగలకి గుడి వంటింట్లో గరిటె పట్టుకుని, పులుసు అరచేతిలో వేసుకుని రుచి చూసి, "ఉప్పు భయపడుతూ వేశారమ్మా" అనే పెద్దావిడ. కార్‌లో వెనక సీట్లో కూర్చుని, ముందున్నవాళ్ళకంటే ముందే తన కాలితో బ్రేక్ నొక్కే పెద్దావిడ. ఆవిడకి కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు. ఆ కూతుర్ని పెళ్ళి చేసుకున్నదాన్ని నేను. మీలో చాలామందికి నేను వాళ్ళింట్లో ఉండే ఫ్రెండ్‌నే. ఇవన్నీ రాయొద్దని మా లాయర్ చెప్పింది. కానీ ఇన్నాళ్ళూ చెప్పకపోవడం వల్లే కదా ఇంతదాకా వచ్చింది.

ఇప్పుడు మా ఇద్దరికీ విడాకుల కేసు నడుస్తోంది. విడాకులకి నేను భయపడలేదు. మాకో పాప ఉంది, ఆరేళ్ళది. కన్నది తను. నేను ఆ పిల్లకి ఏమవుతానో వచ్చే సోమవారం జడ్జి తేలుస్తారు. ఏమీ కానని తేల్చేస్తే, తను ఒప్పుకున్నప్పుడు పాప నా దగ్గరికొచ్చే ఈ శనివారాలు కూడా ఉండవు. ఎదురింటావిడకి ఆ పిల్ల మీద ఎంత హక్కుందో నాకూ అంతే ఉంటుంది.

పాప పుట్టేనాటికి మాకు పెళ్ళి కాలేదు. అత్తయ్యగారి మనసు మారేదాకా ఆగుదామని తను పట్టుబట్టింది. అందుకని బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు లేదు. పెళ్ళయ్యాక అడాప్షన్ పేపర్లు వేద్దామంటే అత్తయ్యగారే కొట్టిపారేశారు. "దత్తతంటే ఒకరివ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. ఒకే ఇంట్లో ఒకే కంచంలో తింటూ ఎవరు ఎవరికిస్తారే?" అన్నారు. మాకూ అది నిజమే అనిపించింది. ఆ సంగతి విని మా లాయర్ తల పట్టుకుంది. కాగితం లేదు కాబట్టి పాపని నా ఇంట్లో, నలుగురి ముందూ, నా బిడ్డగానే పెంచానని రుజువు చేయాలట.

నలుగురి ముందూ అన్న దగ్గరే వచ్చింది చిక్కు. ఇంట్లో పాపకి తను అమ్మ, నేను మమ్మీ. గడప దాటితే నేను ఆంటీని. అలా నేర్పింది అత్తయ్యగారే. గుడికి బయల్దేరేముందు గరాజ్‌లో కార్ సీట్ బెల్ట్ పెడుతూ, "బయట ఏమనాలి?" అని అడిగేవారు. "ఆంటీ" అనేది పాప. "నా బంగారమే" అని బుగ్గ పుణికేవారు. నేను స్టీరింగ్ పట్టుకుని వింటూ ఉండేదాన్ని. ఇక్కడి పిల్లలు కనబడ్డవాళ్ళందర్నీ ఆంటీ అంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పాప పుట్టినరోజు వీడియో ఒకటి ఇప్పుడు అవతలి లాయర్ దగ్గరుంది. అందులో పాప కేక్ ముక్క నా నోటి దగ్గర పెట్టి, "ఆంటీ, ఆ అను" అంటుంది. అది తలుచుకుంటే నాకు ముచ్చెమటలు పోస్తాయి.

ఆవిడ మీద కోపం లేదా అంటే ఉంది. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవదు, మగ్గు గుర్తొస్తుంది.

పాప పుట్టినప్పుడు చీరాల నుంచి సూట్‌కేసులో సున్నిపిండితో పాటు ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు కూడా తెచ్చుకున్నారావిడ. షవర్ అంటే ఆవిడకి చిన్నచూపు. "వానలో నిలబడితే స్నానమైనట్టేనా?" అనేవారు. వచ్చిన కొత్తలో నాతో మాట్లాడలేదు. నేను వంటింట్లోకి వెళ్తే ఆవిడ హాల్లోకి వచ్చేసేవారు. అయితే తనకి ఆపరేషన్ కాన్పు, వంగలేదు. ఆవిడవి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేరు. పసిగుడ్డుకి నీళ్ళు పోయడానికి ఇంట్లో మిగిలినవి నా కాళ్ళే.

"ఇదుగో అమ్మాయ్, ఇట్రా" అన్నారు. నాతో ఆవిడ అన్న మొదటి మాట అది. టబ్‌లో కూర్చోబెట్టి కాళ్ళు చాపించి, నూనె పట్టించిన పాపని వాటి మీద బోర్లా పడుకోబెట్టారు.

"ఆంటీ, జారిపోతుందేమోనండీ."

"ముందా ఆంటీ మానెయ్, అత్తయ్యా అను. కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టు, సందివ్వకు. భయపడేదాని కాళ్ళ మీంచి బిడ్డ జారదు. భయం లేనిదైతే నేనసలు బిడ్డనే ఇవ్వను."

ఆవిడ మగ్గుతో పోస్తూ, వీపు రుద్దుతూ ఏదో పాడుకున్నారు. తను గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఫోన్‌తో ఒక ఫోటో తీసింది. ఆ తర్వాత పాప కూర్చోవడం నేర్చేదాకా నీళ్ళు పోసింది ఆవిడే, ఆ కాళ్ళు నావే. అయినా ఫోటో మాత్రం అదొక్కటే ఉంది. అందులో పాప వీపు, ఆవిడ చెయ్యి, ఆకుపచ్చ మగ్గు, మోకాళ్ళ కింద నుంచి రెండు కాళ్ళు. నా మొహం లేదు. లాయర్ దాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, ఇందులో మీరెక్కడున్నారని అడిగింది.

మూడు వారాల కిందట ఒక శనివారం పాపని పార్కుకి తనకి బదులు అత్తయ్యగారు తీసుకొచ్చారు. పాప ఉయ్యాల ఊగుతోంది. నేను ఫోన్‌లో ఆ ఫోటో చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"కాళ్ళు నీవే కదే?"

"నావే అత్తయ్యా. కానీ కోర్ట్‌కి అది ప్రూఫ్ కాదట. ఎవరి కాళ్ళైనా కావచ్చట."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. కోర్టంటే ఆవిడకి హడలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని సామెత చెప్పేవారు.

"నేనొచ్చి చెప్తాను" అన్నారు చివరికి. "నీళ్ళు పోసిన చెయ్యి నాది. ఎవరి కాళ్ళ మీద పోశానో నాకు తెలీదూ? ఆంటీ అని నేర్పిన నోరూ నాదే. అదీ చెప్తాను."

"మీ అమ్మాయి ఊరుకోదు అత్తయ్యా."

"అది నా కూతురే అమ్మాయ్. దాన్ని కన్నాను కాబట్టే నాకీ భయం. రేపు ఈ పిల్ల పెద్దదై, నా మమ్మీని నా దగ్గర్నుంచి తీసేసింది ఎవరని అడిగితే, ఆ పాపం దాని నెత్తికి చుట్టుకోకూడదు."

లాయర్ అపాయింట్‌మెంట్ కిందటి గురువారానికి గానీ దొరకలేదు. దానికి రెండు రోజుల ముందే, మంగళవారం, ఆవిడ వెళ్ళిపోయారు. ఆ కాళ్ళు నావని చెప్పడానికి ఈ ప్రపంచంలో ఒప్పుకున్న మనిషి ఆవిడొక్కరే.

అంత్యక్రియలకి తను నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాను. దహనం అయ్యాక అందరితోపాటు, ఒకప్పుడు నేనూ ఉన్న ఆ ఇంటికి వెళ్ళాను. స్నానం చేయకుండా లోపల తిరగకూడదని అందరూ గరాజ్‌లోనే నిలబడ్డారు. పాప పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. పక్కన ఎవరో ఆవిడ, మంచిగానే, "ఈవిడెవరు నాన్నా, నీకు?" అని అడిగింది.

అదే గరాజ్. పాప నోరు తెరిచి ఆగిపోయింది. నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది. ఏ మాట అంటే ఎవరికి దెబ్బ తగులుతుందోనని ఆ పిల్ల కళ్ళల్లో భయం కనబడింది. నా భయాలన్నీ ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు.

తనే అంది, నా మొహం చూడకుండా, "దాన్ని తీసుకెళ్ళి తలస్నానం చేయించు."

బాత్రూమ్‌లో తలుపు వేశాక పాపకి మాట వచ్చింది. "మమ్మీ, అమ్మమ్మ ఫోటోలో లాగా చెయ్యి. నేను లై డౌన్ అవుతా."

"పెద్దదానివయ్యావు కదమ్మా, పట్టవు."

"పడతా."

చీర మోకాళ్ళ దాకా మడిచి టబ్‌లో కూర్చుని కాళ్ళు చాపాను. పాప బోర్లా పడుకుంది. ఆరేళ్ళ పిల్ల ఎక్కడ పడుతుంది, పాదాలు వెళ్ళి టబ్ గోడకి తన్నుకున్నాయి. అయినా బుగ్గ నా చీలమండల మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

తలుపు తెరుచుకుంది. తను. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. చేతిలో ఆకుపచ్చ మగ్గు. కుళాయి తిప్పి, వేలు పెట్టి వేడి చూసి, మగ్గు నింపింది.

"వేడెక్కువుందా?" అంది, పాపనో నన్నో.

"సరిపోతుంది" అన్నాను.

అప్పుడు అత్తయ్యగారు నిలబడినచోటే నిలబడి, నెమ్మదిగా పోసింది. తన చూపు నా కాళ్ళ మీదే ఉంది. ఆ ఫోటో తీసింది తనే. సోమవారం దాన్ని తన ముందు పెట్టి, ఈ కాళ్ళు ఎవరివని అడుగుతారు. ఏం చెప్తావని నేను అడగలేదు.

తను మగ్గు మళ్ళీ కుళాయి కింద పెట్టింది. నేను కాళ్ళు రెండూ ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను, సందు లేకుండా.