భోజనాల బల్ల దగ్గర చెప్పిన ఫిర్యాదు

అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో నా చిన్నప్పుడు మా అమ్మ ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. ఆ ల్యాబ్ ఓనరు తెలుగాయనే. మేము డాక్టరంకుల్ అనేవాళ్ళం. ఆయన మా అమ్మని చెల్లెమ్మా అని నోరారా పిలిచేవాడు, ఆదివారం వస్తే మా ఇంట్లోనే భోంచేసేవాడు. నాకైతే సొంత మేనమామ కంటే ఎక్కువ. అలాంటి మనిషిని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పక్క అపార్ట్‌మెంట్ అక్క పనిచేసేదీ అదే ల్యాబ్‌లో. అమ్మ పొద్దున డ్యూటీకి వెళ్ళిపోతే నాకు జడ వేసి స్కూల్ బస్సు ఎక్కించేది ఆమే. అక్క నెల తప్పిందని తెలిసినప్పటి నుంచీ అక్కడి మేనేజరు ఆమెని సాధించడం మొదలుపెట్టాడు. కూర్చుని చేసే పని తీసేసి రోజంతా నిలబడే పని ఇచ్చాడు. కడుపుతో ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చోక ఇక్కడికెందుకు అని అందరి ముందూ అన్నాడట. అక్క గవర్నమెంట్ ఆఫీసులో కంప్లైంట్ ఇద్దామనుకుంది. కానీ ఆమె, వాళ్ళాయన ఇద్దరూ ఈ దేశంలో ఉంటున్నది ఆ ల్యాబ్ ఇప్పించిన వీసా మీదే. ఉద్యోగం పోతే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. అందుకే కంప్లైంట్ సంగతి ఎవరికీ చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకుంది.

అమ్మ కడుపులో మాట దాచుకోలేకపోయింది. పాపం, మంచే జరుగుతుందనుకుంది. మనవాళ్ళ అలవాటే అంత కదా! ఆఫీసులో చెప్పాల్సిన మాట అన్నం పెట్టి చెబుతాం. ఆ ఆదివారం గుత్తివంకాయ వడ్డిస్తూ అంతా ఆయన చెవిన వేసింది. అయ్యయ్యో, నా ల్యాబ్‌లోనా అంటూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను కళ్ళారా చూశాను.

"కంప్లైంట్ ఇచ్చేసిందా, ఇంకా ఇవ్వలేదా చెల్లెమ్మా?" అని తియ్యగా అడిగాడు.

"లేదన్నయ్యా, ఈ వారంలో ఇస్తానంటోంది. మీరున్నారుగా, ఆ అవసరం రానివ్వకండి" అంది అమ్మ.

మర్నాడే అక్క ఉద్యోగం పీకేశారు. పనిలో తప్పులు చేస్తోందట! కంప్లైంట్ ఇవ్వకముందే తీసేస్తే, ఇచ్చినందుకు కక్ష కట్టారని ఎవరూ అనలేరు. ఆయన ఆలోచన అది. మా ఇంట్లో అన్నం తింటూ తడిగుడ్డతో గొంతు కోశాడు.

అక్క మా గుమ్మంలోకి వచ్చి, మీరు చెప్పారా ఆంటీ అని ఒక్క మాట అడిగింది. ఆ నెలలోనే వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నన్ను కూడా పలకరించలేదు. నేను ఎంత ఏడ్చానో.

పై ఆదివారం ఆయన మామూలుగానే స్వీట్ల డబ్బాతో దిగాడు. నీ మీదకి మాట రాకుండా చూశాను చెల్లెమ్మా, నీకు వీకెండ్ డ్యూటీలు కూడా తీయించాను అన్నాడు. మా అమ్మ గట్టిగా మాట్లాడటం నేను ఎరగను. ఆ రోజు మాత్రం, "నిన్ను అన్నయ్యా అని పిలిచిన నోరు కడుక్కోవాలి, లే ఇక్కణ్ణుంచి" అంది. ఉద్యోగమూ మానేసింది.

ఇప్పుడు ఆ దగ్గర్లోనే ఫ్రిస్కో ఊళ్ళో నాదీ ఒక చిన్న కంపెనీ. మనమంతా ఒక ఫ్యామిలీ అని ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఫిర్యాదులు వినడానికి మాకు సంబంధం లేని బయటి మనిషిని పెట్టుకున్నాను. ఫిర్యాదు చేసినవాళ్ళ జోలికి ఎవరూ పోకూడదని, గొడవ రాకముందే మేనేజర్లకి నూరిపోస్తాను.

మొన్నామధ్య మా కంపెనీ పిల్ల ఒకతె ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన పిల్ల. గుమ్మంలోనే ఆపేశాను. "ఇక్కడ నాకు చెప్పకమ్మా, చెప్పాల్సినవాళ్ళకి రేపు ఆఫీసులో చెప్పు" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. కనీసం మంచినీళ్ళయినా ఇవ్వలేదని ఆ రాత్రంతా బాధపడ్డాను.

మర్నాడు ఆమె ఫిర్యాదు చేసింది, మా కంపెనీలోనే మేనేజరుగా ఉన్న నా సొంత తమ్ముడి మీద. విచారణలో తప్పు వాడిదేనని తేలింది, పదవి తీసేశాను. వాడు నాతో మాటలు మానేశాడు. ఆ పిల్ల మాత్రం రోజూ పనికి వస్తోంది.