నేలవేము ఆరబెట్టిన ఇంట్లో భోజనం

కరోనా కాస్త తగ్గుముఖం పట్టిన ఏడాది. జ్వరం కషాయాల్లో వాడే నేలవేము కోసం మందుల కంపెనీలు ఎగబడుతున్న రోజులవి. జగ్గయ్యపేటలో మాది తాతలనాటి మూలికల దుకాణం. రైతుల దగ్గర ఆకూ వేరూ కొని కంపెనీలకు పంపుతాం. నందిగామ దగ్గరి సాంబశివరావుగారు పుట్టి బుద్ధెరిగి మిరప తప్ప ఇంకోటి వేసిన మనిషి కాదు. నా మాట మీద ఎకరంలో నేలవేము వేశారు. ఆయన భార్య రత్నకుమారిగారికి అది సుతరామూ ఇష్టం లేదు. ఈ చేదు గడ్డి అమ్ముడుపోకపోతే తామిద్దరూ ఏడాదంతా దాన్నే కషాయం కాచుకు తాగాలనీ, వచ్చే ఏడు మళ్ళీ మిరపేననీ ముందే తేల్చి చెప్పేసింది.

నేలవేము ఎండలో పడేస్తే ఆకు రంగు పోతుంది, కంపెనీ వాడు మొహం తిప్పుకుంటాడు. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. దాన్ని మేం షేడ్ డ్రైయింగ్ అంటాం. ఆ ముక్క నేనే చెప్పి వచ్చాను. పాపం ఆయనకు షెడ్డెక్కడిది? ఉన్న నీడల్లా ఇల్లే. వసారా, ముందుగది, పడగ్గది అన్నిట్లో పట్టాలు పరిచి, ఫ్యాన్లు వేసి, మిరప కల్లంలో తిరిగినట్టు కాళ్ళతో తిరగేస్తూ ఆరబెట్టారు.

కార్తీక సోమవారం నాడు కంపెనీ పర్చేజ్ ఆఫీసర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆఫీసరొస్తున్నాడని సాంబశివరావుగారు పొద్దున్నే ఆకంతా దులిపి, మోపులు కట్టి, తళతళలాడేలా పేర్చారు. దులిపింది ఇంట్లోనే, ఫ్యాన్ల కిందే. వంటగదికి తలుపు లేదు, కర్టెనే.

ఆఫీసరు మోపుల వంక అనుమానంగా చూశాడు. అంతకుముందే ఎవరో కలుపు మొక్కలు కలిపి ఆయనకు అంటగట్టారట. శాంపిల్ ల్యాబ్‌కి పంపి తర్వాత చెబుతానన్నాడు. మా వ్యాపారంలో తర్వాత చెబుతానంటే అర్థం ఏమిటో నాకు తెలుసు. సాంబశివరావుగారి మొహం వాడిపోయింది. కర్టెన్ వెనక గరిటె చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

అయినా వచ్చినవాళ్ళను భోజనం పెట్టకుండా పంపే ఇల్లు కాదది. విస్తళ్ళు వేశారు. పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చేదు! గుత్తివంకాయా చేదే. పరమాన్నమూ చేదే. రత్నకుమారిగారిది సోమవారం ఉపవాసం, పొద్దుటినుంచీ ఏదీ రుచి చూడలేదు. సాంబశివరావుగారు తలెత్తకుండా తింటున్నారు. నేనైతే సిగ్గు లేకుండా వంకాయ అద్భుతంగా ఉందన్నాను. ఆఫీసరు గబగబా పెరుగు కలుపుకున్నాడు, తర్వాత గ్లాసెడు నీళ్ళు తాగాడు. ఆ నీళ్ళు కూడా ఆ వంటగదిలోవే. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె చూసేసింది. "ఆఫీసరుగారూ, కారం ఎక్కువైందా?"

"లేదమ్మా," అన్నాడాయన గొంతు సవరించుకుని, నా వైపు తిరిగాడు. "శెట్టిగారూ, ల్యాబ్ అక్కర్లేదండి. దుమ్మే ఇంత చేదుంటే ఇంక ఆకు సంగతి చెప్పాలా? మొత్తం లోడెత్తించండి."

నాకు లేచి గంతెయ్యాలనిపించింది. రత్నకుమారిగారు మాత్రం గరిటె కొసన పప్పు అంటించుకుని, ఉపవాసం సంగతి మరిచిపోయి నాలుకకు రాసుకుంది. అంతే, కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయింది. పంట అమ్ముడైన సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదావిడకి. తన చేతి వంట గురించి ఊళ్ళో ఒకరు వంక పెట్టింది లేదట.

లారీ కదిలాక నన్ను పిలిచింది.

"అన్నయ్యగారూ, వచ్చే ఏడు కూడా ఇదే వేస్తాం లెండి. కానీ నా ఇంట్లో మాత్రం ఒక్క రెమ్మ ఆరదు. నీడ కావాలన్నది మీరు. నీడ మీరే చూపించండి."

మా దుకాణం పై వాటా ఖాళీగానే ఉంది, ఆ పక్కనే మా కాపురం. అప్పటినుంచీ ఏటా కార్తీకంలో సాంబశివరావుగారి పంట అక్కడే ఆరుతోంది. నీడలో ఆరబెట్టండని ఇప్పుడు ఏ రైతుకు చెప్పినా, ముందు వాళ్ళ వంటగది ఎటువైపుందో అడుగుతున్నాను. మా ఆవిడ నాతో మాట్లాడి రెండు రోజులైంది. ఇది రాస్తూ తాగుతున్న కాఫీలో మూడు చెంచాల పంచదార వేసుకున్నాను, అయినా లాభం లేదు.