సుభద్ర గొంతులో రోమన్ పట్టణం

గురువారం, సెంగ్‌కాంగ్, సింగపూర్.

నిన్నటి నుంచి మన గ్రూపుల్లో తలొక మాట తిరుగుతోంది. సుభద్ర వాకింగ్‌లో జారిపడిందని ఒకరు, ఇటలీ ప్రయాణం రద్దయిందని ఇంకొకరు. రెండూ తప్పు. అందుకే ఈ రోజే రాస్తున్నాను.

సుభద్ర జారిపడలేదు. నిద్రలో పోయింది. బెడోక్‌లో, తన ఇంట్లో, తన మంచం మీద.

ఈ వాక్యం రాశాక కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

నిన్న పొద్దున మా బ్లాక్ దగ్గర కాలువ గట్టున నడుస్తున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. వాటిలో సుభద్ర. తను కొత్తగా పంపిన రికార్డింగ్‌లో రొట్టెల కొట్టు గురించి చెబుతోంది.

"ఈ రాతి తిరగలి చూడండి. గాడిద తిప్పేది. మన గ్రైండర్‌కి ముత్తాత."

నేను నవ్వుతుండగానే గొంతు ఆగిపోయింది. కాల్ వస్తోంది. సుభద్ర కొడుకు హరి.

"ఆంటీ, అమ్మ లేవలేదు."

"అయితే లేపు నాయనా. ఇంత పొద్దెక్కినాక నిద్రేంది?" అన్నాను.

హరి మళ్ళీ అదే మాట అన్నాడు.

"అమ్మ లేవలేదు ఆంటీ. డాక్టర్ వచ్చి చూసి వెళ్ళారు."

తర్వాత నేనేమన్నానో గుర్తు లేదు.

కాల్ కట్ కాగానే రికార్డింగ్ దానంతట అదే మళ్ళీ మొదలైంది.

సుభద్ర మాట్లాడుతూనే ఉంది.

నేను ఆపలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సుభద్ర, పద్మ, విజయ, నేను. నలుగురం వచ్చే నెల ఇటలీలో ఒక పాత రోమన్ రేవు పట్టణం చూడటానికి టికెట్లు కొనుక్కున్నాం. గైడ్ ఉండడు. యాప్‌లో ఆడియో వింటూ మనంతట మనమే నడవాలి. ఆ ఇంగ్లీషు గుర్రమెక్కి పోతున్నట్టుంది. మాకు సగం అందలేదు.

"నేను తెలుగులో చెబుతా లా, అందరూ నా వెనకే రండి" అంది సుభద్ర.

తను సింగపూర్‌లోనే పుట్టి పెరిగింది. మాట చివర ఆ 'లా' ఇక్కడి అలవాటే. తాతగారు కాకినాడ వైపు నుంచి ఓడలో వచ్చారు. బళ్ళో తెలుగు చదవలేదు. అమ్మమ్మ దగ్గర విని నేర్చుకున్న తెలుగే. ఆ తెలుగుతోనే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆగవలసిన ఒక్కో చోటికీ ఒక్కో రికార్డింగ్ చేస్తూ వచ్చింది. వెనక కుక్కర్ విజిల్ వినబడుతుంది.

"ఇది తిండి కొట్టు. మన హాకర్ సెంటరే అనుకోండి. టిష్యూ ప్యాకెట్ పెట్టి ముందే సీటు చోప్ చేసుకునేవాళ్ళో లేదో మాత్రం యాప్‌లో చెప్పలేదు."

చెవితో నడవడం అలవాటు కావాలని మొన్న ఆదివారం మా కాలువ గట్టున రిహార్సల్ పెట్టించింది. బెంచీని స్నానశాల అనుకోవాలి. సైకిల్ స్టాండ్ రొట్టెల కొట్టు. దూరంగా ఉన్న వంతెన నాటకశాల.

"ఇక్కడినుంచి తిన్నగా నడవండి" అంది ఆడియోలో.

మాది కడప. మా వైపు తిన్నగా అంటే మెల్లగా. అక్కడ రాళ్ళేవో ఉంటాయి కాబోలు అనుకుని మెల్లగా నడిచాను. దారి వంపు తిరిగితే నేనూ తిరిగాను. వాళ్ళు ముగ్గురూ వంతెన దగ్గర తేలారు. నేను కుక్కల్ని ఆడించే పచ్చికలో తేలాను.

"ఏంటక్కా, రోమ్ వదిలేసి ఎటు పోయారు?" అంది సుభద్ర.

"నువ్వే కదా తిన్నగా పొమ్మంటివి!"

"అయ్యో అక్కా, తిన్నగా అంటే స్ట్రెయిట్ లా!"

"స్ట్రెయిట్ అంటే నేరుగా. ఆ మాట మార్చు."

"మార్చను. అది మా అమ్మమ్మ మాట."

"ఇద్దరూ కలిసి ఆ ఊరిని మళ్ళీ కూల్చేటట్టున్నారు" అంది పద్మ.

నేను నవ్వలేదు. దారి చెప్పేటప్పుడు మాటకు ఒకే అర్థం ఉండాలి. ఇప్పటికీ అదే అంటాను.

నిన్న హరి కాల్ తర్వాత నా చెవిలో పడిన మాటలు ఇవి:

"ఇక్కడినుంచి అందరూ నేరుగా నడవండి. అక్కా, మీరు మాత్రం తిన్నగా. రాళ్ళు నున్నగా ఉంటాయంట."

వాళ్ళ అమ్మమ్మ మాటను మా కడప అర్థంతో పలికింది.

ఆ సంతోషంలో అంతా మరిచి, వెంటనే తన నంబర్ నొక్కాను. "దారికొచ్చావా సుభద్రా" అందామని.

హరి ఎత్తాడు.

అప్పటికి గానీ ఆమె లేదని నాకు తెలిసిరాలేదు.

పద్మ ఏడుస్తూ, "సుభద్ర లేకుండా అక్కడికి పోయి ఏం చేస్తాం, మానేద్దాం" అంటోంది. మా అమ్మాయి మాటా అదే. హరి అడిగాడు: "ఆంటీ, అమ్మ ఫోన్‌లో ఉన్న ఇవన్నీ ఏం చేయాలి? నాకు సగమే అర్థమవుతోంది."

పైగా చివరి చోటు రికార్డింగ్ కాలేదు. ఒకప్పుడు సముద్రం ఆ ఊరి అంచుదాకా వచ్చేదట. ఇప్పుడు అక్కడ గడ్డి. అక్కడ వాళ్ళ తాత ఎక్కి వచ్చిన ఓడ గురించి చెబుతానంది. చెప్పలేదు.

ఇక జరగవలసినవి:

1. ఈ మధ్యాహ్నం అందరం బెడోక్‌లో వాళ్ళ బ్లాక్ కింద కలుద్దాం. హరిని ప్రశ్నలతో విసిగించవద్దు.

2. ప్రయాణం రద్దు కాదు. పద్మా, మనం వెళ్ళకపోతే ఆమె చెప్పిన దారిలో ఒక్కరూ నడవనట్టే. ఏడుస్తూ అయినా సరే, నడుద్దాం.

3. హరీ, ఏదీ చెరపవద్దు. విజిళ్ళు, దగ్గులు కత్తిరించి శుభ్రం చేస్తామని ఎవరొచ్చినా ఇవ్వవద్దు. అర్థం కాని సగానికి మా ఇంటికి రా. పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాను.

4. చివరి చోటుకు ఎవరూ గొంతు ఇవ్వకూడదు. నేను కూడా. అక్కడ ఇయర్‌ఫోన్స్ తీసేసి ఊరికే నిలబడదాం.

5. ఈ పోస్ట్ కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టి వెళ్ళిపోవద్దు. ఆమె మీతో అన్న ఒక్క మాట రాయండి.

6. ఇది సుభద్రకు. వెళ్ళిరా తల్లీ. నీకు శాంతి కలగాలి. ఇక ఎవరికీ దారి చెప్పనక్కర్లేదు.