జింకో ఆకుకేం తెగులు?

వీరరాఘవరావు గారు మనుషుల మొహం చూడరు, ఆకుల వీపు చూస్తారు. కొత్తిమీర కట్టయినా, పెళ్లి హాల్లో ప్లాస్టిక్ మొక్కయినా సరే, ఆకు తిరగేసి, జేబులోంచి భూతద్దం తీసి, "నీకేం తెగులు?" అని ప్రేమగా అడుగుతారు. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఆయనుండే బిల్డింగులో సుభాషిణి కొత్తగా దిగిన రోజు, లాబీలో కుండీ పక్కగా వెళ్తుంటే ఈ మాట చెవిన పడింది.

"నాకేం తెగులండీ? మీకే!" అని నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. చూడటం మాత్రం మానలేదు. పక్కింటి కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తెలియకపోతే ఆవిడకి అన్నం సహించదు మరి.

ఆ కుండీలో ఉన్నది ఓనరు ముచ్చటపడి తెప్పించిన జింకో మొక్క. ఆకులు బుల్లి విసనకర్రల్లా ఉంటాయి. ఓ రోజు వాటి అంచులు మాడినట్టయ్యాయి. బిల్డింగు ముదీర్, అంటే మేనేజరు, రమీజ్ తోటమాలి మీద విరుచుకుపడ్డాడు.

"పానీ నహీ డాలా తుమ్! గురువారం నౌకరీ ఖలాస్! వీసా కేన్సిల్!"

"దినాం పోస్తున్ననమ్మా, మా అవ్వ తోడు," అన్నాడు జగిత్యాల రాజేశ్వర్, సుభాషిణి వైపు తిరిగి.

రావుగారు అతని మొహమైనా చూడలేదు. రాలిన ఆకొకటి ఏరుకుని లిఫ్టెక్కేశారు. "ఎంత రాతిగుండె!" అనుకుంది సుభాషిణి.

మూడోనాడు ఆయన భార్య బాలత్రిపురసుందరి కేక నాలుగంతస్తులకి వినిపించింది.

"టిఫిన్ డబ్బాలో తడి టిష్యూ, దానిమీద కుళ్లిన ఆకా! మీకేం తెగులండీ?"

"నాక్కాదే, ఆకుకి! ముందు మూత పెట్టు, తడారితే బూజు బయటపడదు!"

గురువారం ఆ డబ్బాతోనే దిగి, రమీజ్ కంటికి భూతద్దం ఆనించి, తన తెనాలి హిందీలో చెప్పారు. "నల్ల చుక్కలున్నాయా? బూజు! నీళ్లు చాలక ఎండితే ఇవి రావు. ఆకులు రోజూ తడిస్తే వస్తాయి. తెగులు ఆకుది, రాజేశ్వర్‌ది కాదు."

"మరి ఆకులు తడిపిందెవరు?" అన్నాడు రమీజ్.

పక్కనే ఉన్న సుభాషిణి చేతిలో చెంబు కొంగు చాటుకి లాక్కుంది. ఏసీ గాలికి పాపం మొక్కకి నోరెండిపోతుందని రోజూ చెంబుడు నీళ్లు ఆకుల మీద చల్లుతున్నది ఆవిడే.

రావుగారు మొదటిసారి ఒక మనిషి మొహంలోకి, సుభాషిణి మొహంలోకి, నిదానంగా చూశారు. భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "ఆకు అంతవరకే చెప్పింది."

రమీజ్ తల గోక్కున్నాడు. "యల్లా, చలో రాజేశ్వర్, కామ్ కరో."

లిఫ్టు దగ్గర మాత్రం రావుగారు గొంతు తగ్గించి, "నీళ్లు మొదట్లో పొయ్యాలమ్మా, మొహాన కాదు," అన్నారు.

రాజేశ్వర్ మచ్చల ఆకులన్నీ కత్తిరించాడు. నెల తిరిగేసరికి కొత్త విసనకర్ర ఒకటి విచ్చుకుంది. సుభాషిణి వంగి, దాన్ని మెల్లగా తిరగేసి, "నీకేం తెగులు?" అని మురిపెంగా అడిగింది.

అప్పుడే సామాన్లతో దిగుతున్న కొత్తావిడ గిర్రున తిరిగింది. "నాకేం తెగులండీ?"