తాడు మీద ఆగిన చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళతో వాదించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ, బంగారుపేట లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం ఖాళీ చేసినవాణ్ణి. మూసేసిన గనుల్లో చచ్చిపోయినవాళ్ళు ఇంకా బండ కొడుతున్నారని, ఆ చప్పుడు పైకి వినిపిస్తుందని మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చెప్పుకుంటారు. లోపల నీళ్ళు నిండేకొద్దీ రాతి మీద ఒత్తిడి మారుతుందని, చప్పుడు దానిదేనని ఎంతమందికి వివరించానో. ఇప్పటికీ నా మాట అదే. ఆ మాటలో ఇమడని సంగతి ఒక్కటి ఉంది.

ముందు మా నాయన పని గురించి చెప్పాలి. గనిలోకి మనుషులను దించే ఇనుప బోను ఒక ఉక్కు తాడుకు వేలాడుతుంది. ఆ తాడును పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఇంజను తాడును మెల్లగా వదులుతుంటే, ఆయన గుప్పిట్లో నూలు పీచు పెట్టుకొని దాన్ని వదులుగా పట్టుకునేవాడు. తాడు ఆ గుప్పిట్లోంచి సాఫీగా జారిపోవాలి. ఎక్కడైనా ఒక తీగ తెగి ఉంటే పీచు చిక్కుకుంటుంది. వెంటనే ఇంజను ఆపించి, అక్కడి గ్రీజునూ మట్టినీ బొటనవేలితో తుడిచి చూసేవాడు. కంటికి ఆననిది చేతికి తెలుస్తుందనేవాడు.

గని మూతపడిన కొన్నేళ్ళకు, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి మంచం పట్టాడు. చివరి రోజుల్లో దుప్పటి అంచును వేళ్ళ మధ్య పెట్టుకొని ఒకటే తడుముతుండేవాడు. మా అమ్మ అది లాగేసి, "డ్యూటీ అయిపాయ, ఇంగ పండుకో" అనేది. నా కూతురు కావ్య అప్పటికి పుట్టలేదు. తాత గనిలో పనిచేశాడని తప్ప దానికి వేరే ఏమీ తెలియదు. నేనూ ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

పోయిన దసరా సెలవుల్లో సైనైడ్ దిబ్బల పక్క మైదానంలో పారాసెయిలింగ్ పెట్టారు. బంగారం తీసేయగా మిగిలిన రాతిపొడి పోసిన గుట్టలవి. పోదామని కావ్య పట్టుబట్టింది. మబ్బు పట్టిన సాయంత్రం. గాలికి ఆ బూడిదరంగు పొడి లేచి పళ్ళ మధ్య కరకరలాడుతోంది. పారాచూట్ కట్టుకున్న మనిషిని జీపు ఒక పొడవాటి పసుప్పచ్చ తాడుతో లాగుతుంది. నడిపే మునిరాజు ముళబాగిలు మనిషి. కూతురి కంటే ముందు నేను ఎగిరి చూస్తానన్నాను.

కొన్ని అడుగులు పరిగెత్తాను. తర్వాతి అడుగుకు నేల అందలేదు. తుప్పు పట్టిన గని చక్రాలు, పైకప్పులు ఊడిపోయిన కూలీల లైన్ ఇళ్ళు కాళ్ళ కిందికి వచ్చాయి. ఊరంతా ఎవరో వాడి పారేసినట్టు కనిపించింది. భయం వేయలేదు, దిగులు వేసింది.

తాడు గాలికి వణుకుతూ ఉంది. ఆ వణుకు నా ఛాతీ మీది పట్టీల్లో తెలుస్తోంది. అంతలో జీపు వైపు నుంచి వణుకు అణిగిపోతూ రావడం గమనించాను. మోగే తీగ మీద వేలు పెడితే ఎలా అణుగుతుందో, అలా. ఆ వేలు పైకి జరుగుతోంది. మెల్లగా, వదులుగా పట్టుకున్న గుప్పిటలాగా. నాకు కొంత దూరంలో అది ఆగింది. అక్కడి నుంచి నా దాకా తాడు వణుకుతోంది. అక్కడి నుంచి కిందికి కదలిక లేదు. చూస్తే అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. జీపు వేగం తగ్గించి నన్ను దించేదాకా అది అక్కడే ఉండింది.

దిగగానే తాడు దగ్గరికి నడిచాను. పొద్దుటి నుంచి నేల మీద ఈడ్చిన తాడు, పొడవునా బూడిద దుమ్ము. సుమారుగా ఆ పట్టు ఆగిన చోట మాత్రం, బొటనవేలంత వెడల్పున, చుట్టూ శుభ్రంగా తుడిచినట్టు పసుపు రంగు మెరుస్తోంది. వంచి చూశాను, గోటితో గీరి చూశాను. ఒక్క పోగు కూడా తెగలేదు.

కావ్య అప్పటికే హెల్మెట్ పెట్టుకొని నిలబడి ఉంది.

"తాడు మార్చండి" అన్నాను.

"యాలప్పా? మొన్న తెచ్చిన తాడు. లారీని కట్టినా తెగదు" అన్నాడు మునిరాజు.

"నాకు భయంగా ఉండాది."

"ఎగిరి వచ్చినాక భయమా! మీది వెరైటీ సార్." వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

కావ్య ముఖం ఎర్రబడింది. "నాయనా, శకునాలు లేవు, గాలీ లేదు, ధూళీ లేదు అని ఊరికంతా చెప్పేది నువ్వే కదా. అందరి ముందర ఇదేంది?"

కారణం చెబితే ఇంకా నవ్వుతారు. ఆ తాడుతో మాత్రం పంపనని కూర్చున్నాను. మునిరాజు గొణుక్కుంటూ జీపులోంచి పాత తాడు ఒకటి తీసి కట్టాడు. కావ్య ఎగిరినంతసేపూ నేను ఆకాశం చూడలేదు, తాడునే చూశాను. ఏమీ కనబడలేదు. క్షేమంగా దిగింది.

తర్వాత మునిరాజు నా పరువు తీయడానికే నేను వద్దన్న తాడును ఒక వేపచెట్టుకు కట్టి జీపుతో లాగాడు. తెగలేదు. "చూస్తిరా సార్?" అన్నాడు. కానీ దాన్ని చుట్టి జీపులో పడేసి, మిగిలినవాళ్ళను పాత తాడుతోనే ఎగరేశాడు.

తాడు మంచిదో కాదో తెలియాలంటే కావ్యను దానికి కట్టి పంపి ఉండాలి. ఏ తండ్రీ చేయలేని పరీక్ష అది. అలవాటైన జ్ఞాపకం శరీరాన్ని మోసం చేస్తుందని చదివాను. నాయన జ్ఞాపకమే నన్ను మోసం చేసిందని సర్దుకునేవాణ్ణి, ఇంటికి వస్తూ బస్సులో కావ్య ఆ మాట అనకపోతే.

"మొదట్లో తాడు ఊరికే వణుకుతా ఉండె నాయనా. ఆమీట ఎవరో చేత్తో తడుముకుంటా కింద నుంచి నా దాకా వచ్చినట్టు అనిపించె. యాడా ఆగలే."

నేను కిటికీ వైపు తిరిగాను.

నన్ను పట్టి పీడించేది భయం కాదు. డ్యూటీ అయిపాయ అని మా అమ్మ దుప్పటి లాగేసి చెప్పిన మాట ఆయన విన్నాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.