గరుకు ముఖం ఎదరకి

ముందుగా క్షమాపణలు. ఈ సంచిక పాఠకులకు, భిలాయి సెక్టర్ 2 తెలుగువారికి, తెలుగు వ్యాకరణానికి, హిందీ మీడియంలో చదివి కూడా తెలుగులో రాయడానికి తెగించిన ఈ చేతికి, ఈ చేతిని కన్న మా అమ్మకు. ఒక పెద్దమనిషి గురించి నాలుగు మాటలు రాయమని నాలాంటి వాణ్ణి అడిగినందుకు సంపాదకులు కూడా మీకు క్షమాపణ చెప్పుకోవాలి. వారు చెప్పరు కాబట్టి వారి తరఫున నేనే చెప్పేస్తున్నాను.

మా పక్క క్వార్టరు ఫోటో మావయ్య పోయారు. మొన్న మంగళవారం పొద్దున, పెరట్లో కుళాయి దగ్గర, పళ్ళు తోముకుంటూ. నీళ్ళు వృథాగా పోతున్నాయని అత్తయ్య లోపలి నుంచి రెండుసార్లు కేకేసిందట. మూడోసారి కేకెయ్యడానికి బయటికొచ్చింది.

ఆయన నాకు వరసకి ఏమీ కారు. మా నాన్నది బొబ్బిలి వైపు, ఆయనదీ బొబ్బిలి వైపు. భిలాయిలో మావయ్య కావడానికి ఆ మాత్రం చాలు. ఉక్కు ప్లాంటులో క్రేను నడిపినన్నాళ్ళూ సెలవు రోజుల్లో ఫోటోలు తీశారు. రిటైరయ్యాక ఫోటోలే తీశారు. ఆ కెమెరా మెడలో వేలాడేసుకునేది కాదు, స్కూటరు వెనక తాడేసి కట్టుకునేది. టేకు చట్రం, హార్మోనియానికి ఉన్నట్టు మడతల తిత్తి, ముందు కటకం, వెనక మసక అద్దం. నల్ల గుడ్డ కప్పుకుని ఆ అద్దం మీద బొమ్మని సరిచూసుకోవాలి. తర్వాత అద్దం ఉన్న చోటికే ఫిల్ము వస్తుంది. కాబట్టి అద్దం రవ్వంత వెనక్కి ఉన్నా, అద్దం మీద బాగున్న బొమ్మ ఫిల్ము మీద బాగుండదు. మొత్తం విద్య అంతా ఇంతే. ఇంతే కాబట్టే కష్టం.

అద్దం మీద బొమ్మ తల్లకిందులుగా పడుతుంది. "జీయమ్ సాబుని తల్లకిందులుగా వేలాడదీసే ఉద్యోగం ప్లాంటు మొత్తానికి నాకొక్కడికే ఉందిరా" అనేవారు, గుడ్డలోంచి బయటికొచ్చి, ఎంతో గంభీరంగా.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడి, బళ్ళ నంబరు ప్లేట్ల మీద ఎంపీ పోయి సీజీ వస్తున్న రోజులవి. బజార్లో డిజిటల్ కెమెరాలూ వచ్చేశాయి. అయినా ప్లాంటులో ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, ఎవరు రిటైరైనా గ్రూపు ఫోటోకి మావయ్యే రావాలి. ఆయన నవ్వమని ఎవరినీ అడగలేదు. ముందు వరసలో వాళ్ళ కాలరు గుండీలు స్వయంగా పెట్టి, దండలు సర్ది, వెనక్కొచ్చి ఒకటే మాట అనేవారు. "మీ ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టీలాగుండండి. బస్."

ఒక వానాకాలం కుమ్హారి నుంచి వస్తుంటే స్కూటరు జారింది. చెయ్యి బెణికింది, అద్దం పగిలింది. చేతికి కట్టు కట్టించుకునే ముందే ఫ్రేముల దుకాణానికెళ్ళి కొత్త గాజు పలక కోయించుకొచ్చారు. రెండు రోజులు వరండాలో కూర్చుని, బాగున్న చేత్తో ఎమరీ పొడీ నీళ్ళూ వేసి దాని ఒక ముఖాన్ని గరుగ్గా అరగదీశారు. ఆ చప్పుడుకి వీధి కుక్కలు కూడా వేరే వీధికి బదిలీ చేయించుకున్నాయి. "కళ్ళజోడు మార్చుకోమంటే మార్చుకోడు గానీ అద్దం మాత్రం అరగదీస్తన్నాడు, నా పళ్ళు జివ్వుమంటన్నాయి" అని అత్తయ్య మా అమ్మతో చెప్పుకుంది.

కట్టుచేత్తో స్క్రూలు తిప్పలేక నన్ను పిలిచారు.

"నువ్వు బీయస్సీ ఫిజిక్స్ కదేటి. నాలుగు స్క్రూలు బిగించీ. గరుకు ముఖం ఎదరకి. వేలు తగలనీకు, జిడ్డంటుకుంటే మరి పోదు."

ఎదర అంటే ఆయన ఊళ్ళో ముందువైపు. అంటే కటకం వైపు. నేను వరండాలో తెలుగు, వీధిలో హిందీ నేర్చుకున్నవాణ్ణి. నా చెవికి ఎదర అన్నా ఎదురు అన్నా ఒకటే. అంటే నా మొహానికి ఎదురుగా. అడగొచ్చు. కానీ బీయస్సీ చదివేవాడు క్రేను ఆపరేటర్ని అడుగుతాడా? గరుకు ముఖం నా వైపుకి తిప్పి బిగించాను. వేలు తగలనీయకుండా, మహా భక్తిగా. ఆయనా వేలు పెట్టి చూడలేదు. అది ఆయన నియమం. బొమ్మ నిలిచేది గరుకు ముఖం మీదే. రెండు మిల్లీమీటర్ల గాజు తిరగబడి, ఆ ముఖం అంత వెనక్కి పోయింది. ఇది పొరపాటు. పొరపాట్లకి క్షమాపణ పైన చెప్పేశాను.

ఆ శనివారం ఆయన పాత షాపు వాళ్ళ గ్రూపు ఫోటో. మధ్య కుర్చీలో భిలాయి-3 కాలనీలో ఉండే బాబాయి, మావయ్యతో పాటు అదే క్రేను వేరే షిఫ్టులో నడిపిన స్నేహితుడు. మబ్బు పట్టి వెలుగు చాలక కటకం పూర్తిగా తెరవాల్సొచ్చింది, అలా తెరిస్తే రవ్వంత తేడా కూడా దాగదు. ఫోటో కడిగి చూస్తే వెనక గోడ ఇటుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. గోడకున్న సురక్షా బోర్డు అక్షరాలతో సహా చదవొచ్చు. ముందున్న మనుషులు మాత్రం ఆవిరిలో నిలబడ్డట్టున్నారు.

మావయ్య భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "నా కళ్ళు పోయాయిరా" అన్నారు.

మళ్ళీ తీద్దాంలే అన్నారు అందరూ. తియ్యకముందే భిలాయి-3 బాబాయి గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ కోసం మొహం వరకూ పెద్దది చేసి ఇమ్మని పిన్ని వచ్చింది. పెళ్ళినాటి ఫోటో చెదలు తినేసింది, ఫోటో ఉన్న ప్లాంటు గేటు పాసు రిటైరైన రోజే జమ చేసేశారు, ఇక ఉన్నది ఇదే. మావయ్య పెద్దది చేశారు. పెద్దది చేసేకొద్దీ మనిషి చెదిరిపోయాడు. పిన్ని ఆ కాగితాన్ని వెలుగు వైపు పట్టుకుని చూసి, "ఈయన ఆయనేనా?" అని అడిగింది.

"ఆయనే చెల్లీ. నాకే కనబడలేదు" అన్నారు మావయ్య.

ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. ఫోటోకి ఎవరొచ్చి పిలిచినా వెళ్ళలేదు. అత్తయ్య పోరగా పోరగా శుక్లాలు తీయించుకున్నారు. చూపు దివ్యంగా ఉందని డాక్టరు అంటే, "డాక్టరు చూసింది నా కళ్ళని, నేను చూసిందాన్ని కాదు" అన్నారు. "నా చేత్తో మరొకడి మొహం పోకూడదు" అని మాత్రం చాలాసార్లు అన్నారు. ఎప్పుడూ జోకులేసే మనిషి, ఈ ఒక్క మాటా జోకుగా అనలేదు. నా జోకులకి నవ్వడం కూడా మర్యాదకే చేసేవారు.

ఇక నేను నిజంగా చేసిన పని. పిన్ని చదువుతుందో, ఎవరైనా చదివి వినిపిస్తారో తెలియదు గానీ, ఆమెకి కూడా తెలియాలి.

పిన్ని వచ్చివెళ్ళిన వారానికి కాలేజీ ల్యాబులో మసక అద్దంతో ప్రాక్టికల్ చేయించారు. గరుకు ముఖం కటకం వైపు ఉండాలని సారు చెప్పగానే ప్రాక్టికల్ సగంలో వదిలేసి లేచాను. మావయ్యకి చెప్పేద్దామనే బయల్దేరాను. చెప్పాల్సిన వాక్యాన్ని సైకిలు మీద దారి పొడుగునా తెలుగులో తయారు చేసుకున్నాను. ఆయన వరండాలో పేపరు కళ్ళకి ఆనించుకుని చదువుతున్నారు. నేను ఆయన్ని దాటి లోపలికెళ్ళాను. స్క్రూలు విప్పి, అద్దం తిప్పి, మళ్ళీ బిగించాను. ఇంకొక్క ఫోటో తీస్తే చాలు, బొమ్మ బాగా వస్తుంది, కళ్ళ మీద నమ్మకం తిరిగొస్తుంది, నేను ఏమీ చెప్పనక్కర్లేదు అనుకున్నాను.

"లోన ఏటి చేస్తన్నావురా?" అన్నారు.

"దుమ్ము దులుపుతున్నాను మావయ్యా."

"సర్లే. గుడ్డ కప్పీ."

కప్పేశాను.